ఐదారు వేల ఖర్చుతో క్వాంటం ర్యాండమ్ నంబర్ జనరేటర్: చేయొచ్చా, చేసినా దాన్ని 'క్వాంటం' అనొచ్చా?

ముందు మీ ప్రశ్నను కుదించి రాస్తాను, తర్వాత చదివేవాళ్లకు పనికొస్తుంది. మీరు అనంతపురంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరం. ప్రాజెక్టుగా క్వాంటం ర్యాండమ్ నంబర్ జనరేటర్ (క్వాంటం ప్రక్రియ నుంచి ఎవరూ ముందే ఊహించలేని అంకెలు తీసే పరికరం) కట్టాలనుకుంటున్నారు. చేతిలో ఐదారు వేలు, నాలుగు నెలలు ఉన్నాయి. ట్రాన్సిస్టర్ నాయిస్ (దానిలో వోల్టేజీ అడ్డదిడ్డంగా ఊగడం) చాలని సీనియర్లు అంటున్నారు. ఐబీఎం క్లౌడ్‌లోని క్వాంటం కంప్యూటర్ మీద ఒక హడమార్డ్ గేటు (క్యూబిట్‌ను, అంటే క్వాంటం బిట్‌ను, 0, 1 సమాన అవకాశమున్న స్థితిలో పెట్టేది) వేస్తే పనైపోతుందని స్నేహితుడు అంటున్నాడు. గైడ్ మాత్రం "ఎంటాంగిల్‌మెంట్ లేకుండా అది క్వాంటమని ఎలా చెప్తావు?" అని నిలదీశారు (ఎంటాంగిల్‌మెంట్ అంటే రెండు కణాల కొలతలు క్లాసికల్‌గా వివరించలేనంతగా ముడిపడి ఉండటం). ఇదేదీ కుదరకపోతే క్వాంటం హీట్ ఇంజిన్ మీద థియరీ చేయమన్నారు.

సూటిగా చెప్తే: అవుతుంది. గీగర్ ట్యూబు (రేడియోధార్మిక కణం తగిలినప్పుడల్లా ఒక పల్స్ ఇచ్చేది), ఆర్డ్యునో ఊనో (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు), ఎరువుల అంగట్లో దొరికే పొటాష్, ఈ మూడింటితో చేయండి. ట్రాన్సిస్టర్ నాయిస్‌ను పోలిక కోసం పక్కన పెట్టుకోండి. ఐబీఎం మెషీన్‌ను బెల్ పరీక్షకు (ఎంటాంగిల్‌మెంట్ ఉందో లేదో కొలతలతో తేల్చేది) వాడండి, నంబర్లు తీయడానికి కాదు. మీ గైడ్ అడిగింది సరైన ప్రశ్నే. అయితే "ఎంటాంగిల్‌మెంట్ ఉండి తీరాలి" అన్నది దానికి జవాబు కాదు. రిపోర్టులో మీరు ఏమని రాస్తారో దాన్నిబట్టి ఏం చూపించాలో తేలుతుంది.

ఈ మాట ముందే తేల్చుకోకపోతే మిగతా పనంతా వృథా. ఎక్కువమంది చేసేది ఇదీ: బిట్లు తీస్తారు, వాటి మీద స్టాటిస్టికల్ పరీక్షలు నడుపుతారు, అన్నీ పాసయ్యాయి కాబట్టి ఇది క్వాంటం అని రాసేస్తారు. ఇది తప్పు. గణితంలోని π (3.14...) అంకెలను బైనరీలోకి మార్చి పెడితే అవీ ఆ పరీక్షల్లో చక్కగా పాసవుతాయి. π అంకెలు ఎవరైనా ముందే లెక్కగట్టి చెప్పగలిగేవి. పరీక్షలు లోపాన్ని పట్టగలవే తప్ప మూలం ఏమిటో చెప్పలేవు. 'క్వాంటం' అన్న మాటకు ఆధారం మీ పరికరం లోపల ఏం జరుగుతోందన్న భౌతికశాస్త్ర నమూనా నుంచి రావాలి. పరికరాన్నే నమ్మనివాడికి కూడా రుజువు చేయాలంటే అప్పుడు బెల్ అసమానత (క్లాసికల్ వివరణలు దాటలేని హద్దు) దాటి చూపాలి. మీ బడ్జెట్‌లో మొదటిది సాధ్యం, రెండోది కాదు.

ఈ కొలతతో ట్రాన్సిస్టర్‌ను చూడండి. బీసీ547 బేస్-ఎమిటర్ జంక్షన్‌ను రివర్స్‌లో పెట్టి, కలెక్టర్‌ను ఖాళీగా వదిలి, పెద్ద రెసిస్టరు ద్వారా 12 వోల్టులు ఇస్తే బ్రేక్‌డౌన్ నాయిస్ వస్తుంది. బ్రేక్‌డౌన్ 6 నుంచి 9 వోల్టుల మధ్య ఎక్కడో జరుగుతుంది, ఒక్కో ముక్కకు ఒక్కోలా. 5 వోల్టుల సప్లై మీద ప్రయత్నించి "నాయిస్ రావడం లేదు" అనేవాళ్లకు కారణం ఇదే. అవలాంచ్ (ఒక ఎలక్ట్రాన్ ఢీకొని మరికొన్నిటిని విడిపిస్తూ పెరిగే ప్రవాహం) మొదలవడంలో క్వాంటం పాత్ర ఉంది, కాదనను. కానీ ఆంప్లిఫయర్ బయటికి వచ్చేసరికి అందులో రెసిస్టర్ల థర్మల్ నాయిస్, 50 హెర్ట్జ్ హమ్, ఎస్ఎంపీఎస్ కూత, ఆప్-ఆంప్ సొంత నాయిస్ అన్నీ కలిసిపోతాయి. ఎంత శాతం ఎక్కడిదో విడదీసి చూపలేరు. వైవాలో ఇరుక్కునేది అక్కడే.

థర్మల్ నాయిస్ కూడా చివరికి అణువుల కదలికే కదా, అదీ క్వాంటమే కదా అని వాదించేవాళ్లు ఉంటారు. లెక్క చూపండి. 1 మెగాఓమ్ రెసిస్టరు, 300 కెల్విన్, 10 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ తీసుకుంటే జాన్సన్ నాయిస్ దాదాపు 13 మైక్రోవోల్టులు. గది ఉష్ణోగ్రత దగ్గర క్వాంటం ప్రభావం థర్మల్‌తో సమానం కావాలంటే ఫ్రీక్వెన్సీ 6 టెరాహెర్ట్జ్ దాటాలి. మీరు కొలుస్తున్నది కిలోహెర్ట్జ్‌లలో. అంటే అక్కడ దొరికేది పూర్తిగా క్లాసికల్ ఉష్ణ చలనం. అది ఊహించలేనిదే, రహస్య సంకేతాల తాళంచెవి (ఎన్‌క్రిప్షన్ కీ) తయారీకి పనికొచ్చేదే, కానీ 'క్వాంటం' ముద్ర వేయలేం. అన్నట్టు, మన ఊళ్లో ఏప్రిల్‌లో ల్యాబు 42 డిగ్రీలకు చేరితే ఈ నాయిస్ వోల్టేజీ 27 డిగ్రీలప్పటి కంటే పెరిగేది రెండున్నర శాతమే. ఎండకు అసలు జరిగేది కంపారేటర్ త్రెషోల్డ్ (నాయిస్‌ను 0గా, 1గా విడగొట్టే వోల్టేజీ గీత) పక్కకు జరగడం, దాంతో ఒకట్లు సున్నాల కంటే ఎక్కువవడం. ఉదయం తీసిన డేటా, మధ్యాహ్నం తీసిన డేటా పక్కపక్కన పెడితే ఇది కనిపిస్తుంది. పోలిక అధ్యాయానికి ఆ ఒక్క పటం చాలు.

ఇక అసలు పని, గీగర్.

మూలం. పొటాష్ ఎరువు అంటే పొటాషియం క్లోరైడ్. సహజ పొటాషియంలో పదివేలలో ఒక వంతుకు కాస్త ఎక్కువగా పొటాషియం-40 ఉంటుంది. దాని అర్ధాయువు సుమారు 125 కోట్ల ఏళ్లు కాబట్టి మీ ప్రాజెక్టు కాలంలో తగ్గదు. గ్రాము పొటాషియంలో సెకనుకు దాదాపు 31 విఘటనాలు జరుగుతాయి. 60 శాతం గ్రేడు ఎరువు 200 గ్రాములు తీసుకుంటే సెకనుకు 3,000 పైచిలుకు. అన్నీ ట్యూబుకు అందవు. దాదాపు 89 శాతం బీటా విఘటనాలే, వాటి గరిష్ఠ శక్తి 1.31 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, ఎరువు పొడిలో అవి అర సెంటీమీటరుకు మించి ప్రయాణించలేవు. కాబట్టి కిలో పొటాష్ కుప్ప పోసినా లాభం లేదు. పలచని పాలిథీన్ సంచిలో పరిచి ట్యూబు చుట్టూ అర సెంటీమీటరు మందాన చుట్టండి, సరిపోతుంది. పొడిని నేరుగా తగలనివ్వకండి. పొటాష్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, ఆ ఉప్పునీరు ట్యూబు కొనల మీద చేరితే 400 వోల్టుల దగ్గర లీకేజీ మొదలవుతుంది, పిన్నులు తుప్పు పడతాయి.

యురేనియం గని ఉన్న తుమ్మలపల్లె మన పక్కనే ఉంది కదా, ఒక రాయి ముక్క దొరికితే కౌంట్ బాగా వస్తుంది కదా అనుకునేవాళ్లకు: వద్దు. యురేనియం ఖనిజం 1962 అణుశక్తి చట్టం కింద నియంత్రణలో ఉన్న పదార్థం. పైగా ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. పాత పెట్రోమాక్స్ మాంటిల్స్‌లోని థోరియం సంగతీ అంతే, ముట్టుకుంటే పొడి రాలుతుంది. పొటాష్‌తో ఈ తంటాలేవీ లేవు.

బ్యాక్‌గ్రౌండ్ కూడా వాడుకోవచ్చు, అదీ ర్యాండమే. బల్ల మీద గ్రానైట్ పలక ఉంటే పొటాషియం, యురేనియం, థోరియం కాస్త ఎక్కువగా ఉంటాయి. కడప నాపరాయి సున్నపురాయి జాతిది, అందులో తక్కువ. రెండు రాళ్ల మీదా తలా ఆరు గంటలు కౌంట్ తీసి రిపోర్టులో పెట్టండి. ఖర్చు లేదు, మీ కౌంటర్ నిజంగా పనిచేస్తోందని అంతకంటే మంచి సాక్ష్యమూ లేదు.

ట్యూబు. రష్యన్ ఎస్‌బీఎం-20 దొరికితే అదే కొనండి. పల్చటి స్టీలు గోడ, బీటా లోపలికి పోతుంది, 400 వోల్టుల దగ్గర పనిచేస్తుంది, డెడ్ టైమ్ (ఒక పల్స్ తర్వాత ట్యూబు ఇంకేమీ పట్టలేని వ్యవధి) 190 మైక్రోసెకన్ల చుట్టుపక్కల. కిట్లలో ఎక్కువగా వచ్చేది చైనా గాజు ట్యూబు జే305. అదీ పనికొస్తుంది, కానీ వెలుతురు తగిలితే తప్పుడు కౌంట్లు ఇస్తుంది. నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టండి. చుట్టక ముందు, చుట్టిన తర్వాత కిటికీ దగ్గర పెట్టి తేడా రాసుకోండి. ట్యూబుతో కలిపి కిట్‌కు మూడు నాలుగు వేలు పక్కన పెట్టుకుంటే మిగిలిన దానిలో ఊనో, తీగలు, డబ్బా వచ్చేస్తాయి.

హైవోల్టేజీ దగ్గర అందరూ చేసే తప్పు గురించి కాస్త వివరంగా చెప్పాలి. కిట్‌లో 400 వోల్టులు తయారుచేసే సర్క్యూట్ చాలా బలహీనమైనది, మైక్రోఆంపియర్లు మాత్రమే ఇవ్వగలదు. మామూలు మల్టీమీటర్ లోపలి రెసిస్టెన్స్ 10 మెగాఓమ్‌లు. ప్రోబు పెట్టగానే మీటరే 40 మైక్రోఆంపియర్లు లాగేస్తుంది, వోల్టేజీ కూలిపోతుంది, 250 అని చూపిస్తుంది. "అయ్యో తక్కువుంది" అని ప్రీసెట్ (వోల్టేజీ సరిచేసే చిన్న స్క్రూ) తిప్పి మీటరు మీద 400 తెస్తారు. ప్రోబు తీయగానే ట్యూబు మీద అంతకంటే చాలా ఎక్కువ పడుతుంది. ట్యూబు ఆగకుండా డిశ్చార్జ్ అవుతుంది, కిట్ గణగణ మోగుతుంది, కొన్ని గంటల్లో ట్యూబు పాడవుతుంది. సరైన పద్ధతి: పది 100 మెగాఓమ్ రెసిస్టర్లు వరుసగా కలిపి వెయ్యి మెగాఓమ్‌లు చేయండి, దాని చివర మీటరు పెట్టండి. మీటరు చూపేది అసలు వోల్టేజీలో 101వ వంతు. 400 వోల్టులకు 3.96 రావాలి. రెసిస్టర్లు దొరకకపోతే మీటరు పక్కన పెట్టి ప్లేటో (వోల్టేజీతో కౌంట్ ఎలా మారుతుందో చూపే గీత) గీయండి. పొటాష్ అలాగే ఉంచి, ప్రీసెట్‌ను తక్కువ నుంచి కొంచెం కొంచెం తిప్పుతూ ఒక్కో చోట పది నిమిషాలు కౌంట్ తీయండి. కౌంట్ గబగబా పెరిగి, తర్వాత చదునుగా మారుతుంది. ఆ చదును మొదలైన చోటు నుంచి మూడో వంతు దూరంలో ఆపండి. చివరిదాకా పోకండి. తాకేముందు పవర్ తీసి ఒక నిమిషం ఆగండి, కెపాసిటర్‌లో చార్జి ఉంటుంది.

పవర్ కోసం లాప్‌టాప్ చార్జర్ వద్దు, దాని స్విచింగ్ నాయిస్ పల్స్ లైన్‌లోకి వస్తుంది. పవర్ బ్యాంకు బాగుంటుంది గానీ కిట్ వాడే కరెంటు మరీ తక్కువైతే చాలా పవర్ బ్యాంకులు లోడు లేదనుకుని అరనిమిషంలో ఆరిపోతాయి. రాత్రంతా డేటా వచ్చిందనుకుని పొద్దున చూస్తే ఖాళీ ఫైలు ఉంటుంది. ఊనోను, కిట్‌ను లాప్‌టాప్ యూఎస్‌బీ నుంచే నడిపి, లాప్‌టాప్‌ను బ్యాటరీ మీద పెట్టడం తేలిక. స్లీప్ మోడ్ ఆపడం మరచిపోకండి.

సమయం కొలవడం. ఇక్కడే సగం ప్రాజెక్టులు చెడిపోతాయి. ఊనోలో మైక్రోస్ ఫంక్షన్ పిలిచి దాని చివరి బిట్ తీస్తే ఎప్పుడూ సున్నాయే వస్తుంది. ఎందుకంటే 16 మెగాహెర్ట్జ్ ఊనోలో ఆ ఫంక్షన్ 4 మైక్రోసెకన్ల మెట్లలోనే పెరుగుతుంది, చివరి రెండు బిట్లు ఎన్నడూ మారవు. దాన్ని వదిలేయండి. టైమర్-1 ఇన్‌పుట్ క్యాప్చర్ వాడండి, అది 8వ పిన్ను. పల్స్ రాగానే హార్డ్‌వేరే సమయాన్ని పట్టేస్తుంది, ప్రోగ్రాము ఆలస్యం కలవదు. ప్రీస్కేలర్ 1 పెడితే ఒక్కో మెట్టు 62.5 నానోసెకన్లు. 16 బిట్ల కౌంటరు 4.096 మిల్లీసెకన్లకోసారి పొంగుతుంది కాబట్టి పొంగిన సార్లు విడిగా లెక్కపెట్టుకోవాలి. పొంగడం, పల్స్ రావడం ఒకేసారి జరిగితే లెక్క 65,536 తప్పుతుంది. క్యాప్చర్ ఇంటరప్ట్‌లో ఓవర్‌ఫ్లో ఫ్లాగ్ లేచి ఉండి, పట్టిన విలువ 32,768 కంటే చిన్నదైతే ఒకటి కలపండి. సీరియల్ పోర్టు తెరిచిన ప్రతిసారీ ఊనో రీసెట్ అవుతుంది, కాబట్టి ఒక్కో రన్‌కు ఒక్కో ఫైలు. రెండు రన్‌లను అతికించకండి.

డేటా రాగానే బిట్ల జోలికి పోకండి. ముందు ఇంటర్వల్స్ హిస్టోగ్రామ్ గీయండి. నిలువు అక్షం లాగ్‌లో పెడితే సరళరేఖ రావాలి, సగటు, ప్రామాణిక విచలనం దాదాపు సమానంగా ఉండాలి. నిమిషానికి 40 కౌంట్లు అనుకుందాం. సగటు ఇంటర్వల్ 1.5 సెకన్లు. ఒక మిల్లీసెకను కంటే చిన్న ఇంటర్వల్స్ పదివేలకు ఆరో ఏడో ఉండాలి. 150 ఉంటే ఒకే పల్స్ రెండుసార్లు లెక్కకొస్తోందని అర్థం. పల్స్ చివర రింగింగ్ వల్ల ఇలా అవుతుంది. పల్స్ తర్వాత ఒక మిల్లీసెకను దాకా వచ్చేవన్నీ వదిలేయమని ప్రోగ్రాములో రాయండి, పోయేది వెయ్యిలో ఒకటి కంటే తక్కువ. తర్వాత నిమిషపు కౌంట్లు చూడండి. సగటు 40 అయితే విచలనం 6.3 దగ్గర ఉండాలి. 3 వస్తే ఏదో క్రమమైన సిగ్నల్, బహుశా మెయిన్స్ నుంచి, కౌంటయిపోతోంది. 12 వస్తే వోల్టేజీ జారుతోంది, లేదా గాజు ట్యూబుకు వెలుతురు తగులుతోంది. కొలుస్తున్నది విఘటనాలనే అన్న మీ నమూనాకు అసలు బలం ఈ రెండు పటాలే. జ్ఞాపకం లేని ప్రక్రియ అయితేనే ఆ సరళరేఖ వస్తుంది.

వైవాలో ఒక ఉచ్చు ఉంది. "విఘటనం ర్యాండమ్ ఎందుకు?" అంటే చాలామంది 1928లో గామోవ్ చెప్పిన టన్నెలింగ్ మొదలుపెడతారు. అది ఆల్ఫా విఘటనానికి. పొటాషియం-40ది బీటా, అంటే బలహీన అన్యోన్యక్రియ. రెండింటిలోనూ క్షణం ముందే నిర్ణయమై ఉండదన్నది క్వాంటం సిద్ధాంతం చెప్పేదే, కానీ యంత్రాంగం వేరు. ఈ తేడా చెప్పగలిగితే ఎగ్జామినర్ ముందుకు పోతారు, చెప్పకపోతే అక్కడే కూర్చుంటారు.

బిట్లు తీయడం. రెండు దారులు. మొదటిది జాగ్రత్తైనది: ఇంటర్వల్స్‌ను జతలుగా తీసుకోండి. మొదటిది చిన్నదైతే 0, పెద్దదైతే 1, సమానమైతే పారేయండి. జతలు ఒకదానిమీద ఒకటి ఎక్కకూడదు. రెండోది, మూడోది కలిపి మళ్లీ జత చేస్తే బిట్ల మధ్య సంబంధం వచ్చేస్తుంది. డెడ్ టైమ్ రెండింటికీ ఒకటే, రోజులో నెమ్మదిగా మారే బ్యాక్‌గ్రౌండ్ కూడా పక్కపక్క ఇంటర్వల్స్‌కు ఒకటే, కాబట్టి పక్షపాతం దాదాపు ఉండదు. బాధల్లా వేగం. నిమిషానికి 20 బిట్లు, రోజుకు 28,800. పది లక్షల బిట్లకు దాదాపు 35 రోజులు.

రెండో దారి: ప్రతి ఇంటర్వల్‌లో చివరి 8 బిట్లు తీసుకోవడం. సగటు ఇంటర్వల్ 2 కోట్ల 40 లక్షల మెట్లు, మీరు చూసేది 256 మెట్ల కిటికీ. అంత చిన్న కిటికీలో ఎక్స్‌పొనెన్షియల్ వాలు లక్షకు ఒకటి స్థాయిలో ఉంటుంది, దాదాపు చదునే. పది లక్షల బిట్లు 52 గంటల్లో వస్తాయి. అభ్యంతరం ఒకటుంది: 256 మెట్లంటే 16 మైక్రోసెకన్లు, ట్యూబులో డిశ్చార్జ్ పాకే సమయంలోని తడబాటు కూడా అందులో కలుస్తుంది. కలిసినా చెడదు. విఘటన క్షణం ఆ కిటికీలో అంతటా సమానంగా పరుచుకుని ఉన్నప్పుడు, దానికి సంబంధం లేని ఇంకొక తడబాటు కలిపితే ఫలితం సమానంగానే ఉంటుంది. ఈ వాదన రెండు పంక్తుల్లో రిపోర్టులో రాయండి. రెండు దారుల్లోనూ డేటా పెట్టండి.

ఎంట్రోపీ లెక్క, అంటే ఒక్కో బిట్‌లో ఊహించలేనితనం ఎంతో. షానన్ ఎంట్రోపీ కాదు, మిన్-ఎంట్రోపీ ఇవ్వండి. ఒకటి వచ్చే అవకాశం 0.55 ఉన్న బిట్‌కు షానన్ 0.993 చూపిస్తుంది, బాగుందనిపిస్తుంది. మిన్-ఎంట్రోపీ 0.862. ఊహించేవాడికి అనుకూలంగా లెక్కగట్టేది రెండోది, తాళంచెవికి లెక్కలోకి వచ్చేదీ అదే. పక్షపాతం తీయడానికి వాన్ నాయ్‌మన్ పద్ధతి అందరికీ తెలిసిందే: 01 అయితే 0, 10 అయితే 1, మిగతావి పారేయడం. మంచి డేటాలో కూడా నాలుగో వంతే మిగులుతుంది. పైగా బిట్లు ఒకదానిమీద ఒకటి ఆధారపడి ఉంటే అది ఏమీ చేయలేదు, ట్రాన్సిస్టర్ డేటాకు అందుకే సరిపోదు. దానికి టోప్లిట్జ్ మాత్రిక హ్యాషింగ్ (ముడి బిట్లను ఒక యాదృచ్ఛిక మాత్రికతో గుణించి తక్కువ బిట్లుగా కుదించడం) వాడండి. పది లక్షల ముడి బిట్లు, బిట్‌కు 0.8 మిన్-ఎంట్రోపీ, పొరపాటు హద్దు 2⁻⁶⁴ అనుకుంటే బయటికి తీయగలిగేది 8,00,000 నుంచి 128 తీసేయగా 7,99,872. మాత్రికకు కావలసిన విత్తన బిట్లు ఎక్కడివో కూడా రాయాలి. ఆ ప్రశ్న తప్పక వస్తుంది. అవి వేరే మూలం నుంచి ఒకసారి తీసుకున్నవి, డేటాతో సంబంధం లేనివి అయితే చాలు.

పరీక్షల గురించి క్లుప్తంగా. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఇచ్చిన 800-22లో 15 పరీక్షలు ఉన్నాయి. 0.01 స్థాయిలో వంద ముక్కలు పరీక్షిస్తే కనీసం 96 పాసవ్వాలి. ఒకటి రెండు ఫెయిలవ్వడం మామూలే, అన్నీ ప్రతిసారీ పాసైతేనే అనుమానించాలి. ఫెయిలైనప్పుడు కొత్త డేటాతో పాసయ్యేదాకా తిప్పడం మోసం కిందికి వస్తుంది. డైహార్డర్ అనే ఇంకో పరీక్షల ప్రోగ్రాము జోలికి పోకండి. దానికి గిగాబైట్లలో డేటా కావాలి, మీ 125 కిలోబైట్ల ఫైలు ఇస్తే అదే ఫైలును మళ్లీ మళ్లీ మొదటి నుంచి చదివి ఫెయిలని చెప్తుంది. ముడి డేటా మీద 800-90బీ (ఎంట్రోపీ అంచనాకు నిస్ట్ ఇచ్చినది), హ్యాషింగ్ తర్వాత 800-22. తారుమారు చేస్తే అర్థం లేదు, ఎందుకంటే హ్యాషింగ్ అయ్యాక చెత్త కూడా అందంగానే కనిపిస్తుంది.

ఇప్పుడు మీ స్నేహితుడి హడమార్డ్ సంగతి. ముందు ఆయన నడిపింది నిజమైన మెషీన్ మీదా, సిమ్యులేటర్ మీదా అని అడగండి. సిమ్యులేటర్ అయితే ఆ 'క్వాంటం' నంబర్లు లాప్‌టాప్‌లోని సూడోర్యాండమ్ ఫార్ములా నుంచి వచ్చినవే. సీడ్ ఒకటే ఇచ్చి రెండుసార్లు నడిపితే అవే అంకెలు వస్తాయి, ఎదుటే చూపించొచ్చు. నిజమైన మెషీన్‌లో కూడా రీడౌట్‌లో (క్యూబిట్ విలువ చదవడంలో) పొరపాటు వల్ల 0 వైపు మొగ్గు ఉంటుంది. అదంతా నెట్ మీదుగా, ఇంకొకరి సర్వర్ చూసిన తర్వాతే మీకు చేరుతుంది.

గైడ్ అడిగిన ఎంటాంగిల్‌మెంట్‌కు మాత్రం ఆ మెషీన్ పనికొస్తుంది. ఉచిత ఖాతాకు నెలకు దొరికే పది నిమిషాల్లో బెల్ పరీక్ష తేలిగ్గా అవుతుంది. హడమార్డ్, సీనాట్ (రెండు క్యూబిట్లను ముడివేసేది) గేట్లతో జత కట్టి, నాలుగు కోణాల జతలకు నాలుగు సర్క్యూట్లు, ఒక్కోటి 4,000 షాట్లు, అంటే అన్నిసార్లు నడపడం. ఆ ఫలితాలను కలిపి లెక్కగట్టే బెల్ సంఖ్యకు క్లాసికల్ హద్దు 2, క్వాంటం హద్దు 2√2, అంటే 2.83. ఈ షాట్లతో పొరపాటు పరిధి 0.02 దగ్గర ఉంటుంది. కోణాల దగ్గర జాగ్రత్త. పుస్తకాల్లో 0, 45, 22.5, 67.5 డిగ్రీలు అని ఉండేవి పోలరైజర్ కోణాలు. క్యూబిట్ తిప్పే గేటుకు దానికి రెట్టింపు, అంటే 0, 90, 45, 135 ఇవ్వాలి. పుస్తకంలోవి అలాగే వేస్తే లోపమేమీ లేని మెషీన్‌లో కూడా 2.39 వస్తుంది. 2 కంటే ఎక్కువే కదా అని సంతోషపడి, తక్కువైంది హార్డ్‌వేర్ నాయిస్ వల్ల అని రాసేస్తారు. ముందు సిమ్యులేటర్‌లో 2.83 వస్తోందో లేదో చూసుకోండి. సిమ్యులేటర్ ఉపయోగం అది.

2.5 వచ్చిందనుకోండి. అప్పుడైనా "పరికరాన్ని నమ్మకుండా యాదృచ్ఛికత రుజువైంది" అని రాయకండి. రెండు క్యూబిట్లూ ఒకే చిప్ మీద ఉన్నాయి. వెలుగు ఒక సెంటీమీటరు దాటడానికి 33 పికోసెకన్లు, రీడౌట్‌కు దానికి వేల రెట్ల సమయం. ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలిసే వ్యవధి కావలసినంత ఉంది. ఆ లొసుగు మూయడానికే 2015లో డెల్ఫ్ట్ వాళ్లు రెండు ఎలక్ట్రాన్లను 1.3 కిలోమీటర్ల దూరంలో పెట్టారు. 245 సార్లు కొలిస్తే 2.42 వచ్చింది, పొరపాటు పరిధి 0.20. ఫోటాన్లతో చేస్తే డిటెక్టర్ల సామర్థ్యం అడ్డొస్తుంది: పూర్తి ఎంటాంగిల్‌మెంట్ ఉన్న జతకు 82.8 శాతం, 1993లో ఎబర్‌హార్డ్ చూపిన పద్ధతిలో 66.7 శాతం దాటాలి. మామూలు కాలేజీ కిట్లలోని డిటెక్టర్లు అంత దూరం రావు, ఆ కిట్లకే లక్షల్లో అవుతుంది.

ఇలా పక్కాగా రుజువు చేసిన బిట్ల ధర ఎంతో గైడ్‌కు ఈ లెక్క చూపండి. 2010లో మీటరు దూరంలో ఉన్న రెండు యిటర్బియం అయాన్లతో 3,016 సార్లు కొలిచి రుజువు చేయగలిగింది 42 బిట్లు. 2018లో నిస్ట్ వాళ్లు ఫోటాన్లతో 1,024 బిట్లకు చేరారు. ఇంకో చిక్కు కూడా ఉంది: కోణాలు ఎంచుకోవడానికి ముందే కొంత ర్యాండమ్ కావాలి. అంటే ఇది శూన్యం నుంచి పుట్టించడం కాదు, ఉన్నదాన్ని పెంచడం. మీ గీగర్ బిట్లతోనే ఐబీఎం సర్క్యూట్ల క్రమం ఎంచుకోండి. లొసుగు మూసుకోదు గానీ రెండు అధ్యాయాలకూ లంకె కుదురుతుంది.

హీట్ ఇంజిన్ సంగతి. అది తక్కువ స్థాయి విషయం కాదు, 1959లో స్కోవిల్, షుల్జ్-డుబోవా మూడు శక్తి మెట్ల మేసర్‌ను (మైక్రోవేవ్‌లతో పనిచేసే లేజర్ లాంటిది) ఉష్ణయంత్రంగా చూపించినప్పటి నుంచి ఉన్నదే. దాని సామర్థ్యం మేసర్ ఫ్రీక్వెన్సీని పంప్ ఫ్రీక్వెన్సీతో భాగిస్తే వచ్చేది, కార్నో హద్దు దాటదు. పైథాన్‌లో క్యూటిప్ లైబ్రరీతో రెండు నెలల్లో చక్కటి పని చేయొచ్చు. అయితే అది పూర్తిగా లెక్కల పని. చేతిలో ట్యూబు పట్టుకుని కౌంట్ వినాలనుంటే మొదటిదే చేయండి. రెండింటినీ కలపాలని మాత్రం చూడకండి, నాలుగు నెలలు చాలవు.

సమయం ఇలా వేసుకోండి. ట్యూబు రావడానికే రెండు మూడు వారాలు పట్టొచ్చు, ఈ వారమే ఆర్డరు పెట్టండి. ఆ లోపు ఊనో ప్రోగ్రాము రాసి, 8వ పిన్నుకు రెండో ఊనో నుంచి తెలిసిన పల్స్‌లు ఇచ్చి పరీక్షించుకోండి. 100 మిల్లీసెకన్లకు ఒక పల్స్ ఇస్తే 16,00,000 మెట్లకు అటూఇటూగా రావాలి. ఊనోల గడియారం సిరామిక్ రెసొనేటర్ కాబట్టి కొంచెం తేడా ఉంటుంది, కానీ ఎప్పుడైనా 65,536 తేడాతో దూకితే ఓవర్‌ఫ్లో సరిచేయలేదని అర్థం. ఎరువు అంగట్లో విడిగా అరకిలో అడిగితే చాలు, ఎరుపుదైనా తెలుపుదైనా ఒకటే. తెచ్చిన వెంటనే ఎండలో గంట ఆరబెట్టి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోయండి. ప్లేటో గీసిన తర్వాత ఆ రీడింగులు, ఇంటర్వల్ హిస్టోగ్రామ్ ఇక్కడే పెట్టండి, బిట్లు తీయకముందే చూస్తాను.